పని ఎక్కడ ఆగుతోంది? కార్ఖానా నుంచి ఆసుపత్రి దాకా లీన్ పద్ధతి

పెద్దాసుపత్రిలో ఓపీకి వెళ్లిన మనిషి రోజు ఎలా గడుస్తుందో అందరికీ తెలిసిందే. పొద్దున ఏడింటికల్లా ఓపీ చీటీ కోసం లైనులో నిలబడతాడు. చీటీ చేతికొచ్చాక డాక్టరు గది ముందు ఇంకో లైను. డాక్టరు నాలుగైదు నిమిషాలు చూసి రక్తపరీక్ష రాస్తారు. ల్యాబ్ దగ్గర లైను, రిపోర్టు కోసం ఎదురుచూపు, రిపోర్టు పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి, అక్కణ్నుంచి మందుల కిటికీ దగ్గరికి. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. ఇందులో ఎవరైనా అతని కోసం నిజంగా పనిచేసిన సమయం కూడితే అరగంట ఉంటే గొప్ప. మిగతాదంతా ఎదురుచూపే.

అదే ఆసుపత్రిలో ఎవర్ని కదిపినా "ఊపిరి సలపడం లేదండీ" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. డాక్టరుకు టీ తాగే తీరిక లేదు. ల్యాబ్ టెక్నీషియన్ కూర్చోలేదు. కౌంటర్లో క్లర్కు తల ఎత్తలేదు. అందరూ చేస్తూనే ఉన్నారు, రోగి మాత్రం కదలడం లేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? లీన్ పద్ధతి అసలు పట్టించుకునేది ఈ ప్రశ్ననే.

మన దగ్గర మాత్రం ఆఫీసులోనో ఫ్యాక్టరీలోనో లీన్ అనే మాట వినపడగానే ముందు వచ్చేది టెన్షన్. "అంటే మనుషుల్ని తీసేస్తారన్నమాట" అని గుసగుసలు మొదలవుతాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఆ పేరు చెప్పి పదిమంది పనిని ఏడుగురి నెత్తిన పెట్టిన సంస్థలు చాలానే ఉన్నాయి. కానీ పద్ధతిలో ఉన్నది అది కాదు. మనిషిని ఇంకాస్త పరుగెత్తించడం లీన్ కాదు. పని ఎక్కడెక్కడ ఆగిపోయి పడి ఉంటోందో చూసి, ఆగడానికి కారణాన్ని తీసేయడం లీన్. చూడాల్సింది మనిషి ఖాళీగా ఉన్నాడా అని కాదు, పని ఖాళీగా పడి ఉందా అని. ఈ తేడా పట్టుబడితే మిగతా పరిభాష అంతా దానంతటదే విడిపోతుంది.

మగ్గం దగ్గర మొదలైన సంగతి

టయోటా కార్ల కంపెనీ పద్ధతిగా పేరుపడినా దీని మూలం కార్లలో లేదు, మగ్గంలో ఉంది. సకిచి టయోడా అనే జపాన్ ఆవిష్కర్త జీవితమంతా మగ్గాలతోనే గడిపాడు. ఆయన 1924లో పూర్తిచేసిన ఆటోమేటిక్ మగ్గంలో రెండు సంగతులు కొత్తవి. నాడెలో (అడ్డపోగును అటూ ఇటూ మోసే పనిముట్టులో) పేక నూలు అయిపోవస్తే మగ్గం ఆగకుండానే నాడె మారిపోయేది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒక్క పోగు తెగినా మగ్గం తనంతట తనే ఆగిపోయేది. మరమగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. పోగు తెగిన సంగతి చూసుకోకపోతే మీటర్ల కొద్దీ బట్ట పాడవుతుంది. అందుకని ఒక్కో మగ్గం దగ్గర ఒక్కో మనిషి కళ్లప్పగించి నిలబడాలి. తప్పు జరిగితే యంత్రమే ఆగిపోతుందంటే ఆ కాపలా అక్కర్లేదు. మనిషి ఆగిన మగ్గం దగ్గరికి మాత్రమే వెళ్తే చాలు.

ఆ మగ్గం హక్కుల్ని 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ కొనుక్కుంది. సకిచి కొడుకు కీచిరో కార్ల వైపు మళ్లి 1937లో టయోటా మోటార్ కంపెనీ పెట్టాడు. యుద్ధం తర్వాత జపాన్ చితికిపోయింది. కార్లు కొనేవాళ్లు లేరు, అమ్మినవాటికి డబ్బు రాలేదు, బ్యాంకులు మెడమీద కూర్చున్నాయి. 1950లో కంపెనీ 2,000 మందికి పైగా ఉద్యోగులను వదులుకోవాల్సి వచ్చింది. పెద్ద సమ్మె జరిగింది. దానికి బాధ్యత తీసుకుని కీచిరో అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. లీన్ గురించి మాట్లాడేవాళ్లు ఈ ముక్కను చాలాసార్లు దాటేస్తారు. నాకు మాత్రం ఇదే కీలకంగా కనిపిస్తుంది. అమ్ముడుపోని సరుకు గోదాములో పేరుకుపోతే కంపెనీ ఎంత లోతున పడుతుందో, మనుషుల్ని పంపేయడం ఎంత గాయం చేస్తుందో కళ్లారా చూసినవాళ్లు కట్టుకున్న పద్ధతి ఇది.

ఆ చూసినవాళ్లలో ఒకడు తైచీ ఓనో. 1932లో టయోడా నూలు, నేత కంపెనీలో చేరి, 1943లో కార్ల కంపెనీకి మారాడు. ఆనాటి అమెరికా ఫ్యాక్టరీల ధోరణి ఒకటే: యంత్రాన్ని ఆపకుండా నడిపి ఒకే భాగాన్ని వేలల్లో తీసి పేర్చుకోవడం. ఓనోకు అంత డబ్బూ లేదు, అంత చోటూ లేదు, కొనేవాళ్లూ లేరు. అందుకని ఆయన లెక్కను తలకిందులు చేశాడు. వెనకవాడు తయారుచేసి ముందుకు తోసేయడం కాదు, ముందువాడు తనకు కావలసినంత వచ్చి తీసుకోవాలి, తీసుకున్నంతే వెనకవాడు మళ్లీ చేయాలి. అమెరికా సూపర్ మార్కెట్ల సంగతి విని ఆయనకు ఈ ఊహ తట్టింది. అక్కడ అరలో ఎంత ఖాళీ అయితే అంతే నింపుతారు. ఎంత తీసుకున్నదీ వెనక్కి చెప్పడానికి ఒక చిన్న అట్టముక్క పెట్టాడు. అదే కాన్బాన్.

పేర్చుకున్న సరుకు తప్పుల్ని దాస్తుంది

వృథా ఏడు రకాలని ఓనో అన్నాడు: అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూపు, అనవసరంగా చోటు మార్చడం, అక్కర్లేని మెరుగులు దిద్దడం, నిల్వలు, మనిషి అటూ ఇటూ తిరగడం, పాడైన సరుకు. ఏ ట్రైనింగ్‌కు వెళ్లినా ఈ జాబితా గోడమీద ఉంటుంది. బట్టీ పట్టడం వల్ల వచ్చేదేమీ లేదు. వీటిలో మొదటిది మిగతా ఆరింటికీ తల్లి అని ఓనో గట్టిగా నమ్మాడు. ఎందుకో చూద్దాం.

పది కవర్లు పంపాలి. ఒకరు ఉత్తరం మడవాలి, ఒకరు కవర్లో పెట్టి అంటించాలి, ఒకరు స్టాంపు వేయాలి. ఒక్కో పనికి ఒక నిమిషం. మనకు సహజంగా తోచేది ఏమిటంటే, మొదటివాడు పదీ మడిచేసి రెండోవాడికి కట్టగా ఇవ్వడం. అలా చేస్తే మొదటి కవరు పూర్తయ్యేది 21వ నిమిషంలో, ఆఖరిది 30వ నిమిషంలో. ఒక్కటి మడవగానే పక్కవాడికి ఇచ్చేస్తే మొదటి కవరు 3వ నిమిషానికే సిద్ధం, పదీ అయ్యేది 12వ నిమిషానికి. మనుషులు వాళ్లే, ఎవరూ చేతులు త్వరగా కదపలేదు. తగ్గిందల్లా కట్టలో పడి ఉన్న కాయితాల ఎదురుచూపు.

దీంట్లో ఇంకో లాభం ఉంది, సమయం కన్నా పెద్దది. మడత తప్పు పడిందనుకోండి. కట్ట పద్ధతిలో రెండోవాడి చేతికి వచ్చేదాకా ఎవరికీ తెలియదు, అప్పటికి పదీ తప్పే. ఒక్కొక్కటిగా ఇస్తే రెండో నిమిషంలోనే "ఇది కవర్లో పట్టడం లేదు" అని పక్కవాడు చెప్తాడు. ఎంత పెద్ద కుప్ప పేర్చుకుంటే తప్పు అంత ఆలస్యంగా బయటపడుతుంది. కుప్ప ఉంటే యంత్రం చెడిపోయినా కంగారు లేదు, మనిషి రాకపోయినా గడిచిపోతుంది, నాసి సరుకు వచ్చినా పక్కన పెట్టి ఇంకోటి తీసుకోవచ్చు. అంటే సమస్య ఏదీ ఎవరికీ నొప్పి పుట్టించదు. నొప్పి పుట్టని సమస్యను ఎవరూ సరిచేయరు.

చిన్న కుప్పలకు ఒక అడ్డంకి ఉంది. ఏ చిన్న ప్రెస్ షాపులోనైనా డై (రేకును భాగంగా నొక్కే అచ్చు, భాగం మారితే ఇదీ మారాలి) మార్చేటప్పుడు పక్కన నిలబడి చూడండి. ప్రెస్ ఆపుతారు. ఆపాక స్పానర్ కోసం వెతుకుతారు. అది పక్క మెషీన్ దగ్గర ఉంటుంది. డై తేవడానికి ట్రాలీ కావాలి, ట్రాలీ మీద వేరే సరుకు ఉంటుంది. డై పెట్టాక ఎత్తు సరిపోదు, కింద రేకుముక్కలు పెట్టి సర్దుతారు. బోల్టు బిగించడానికి పదిహేను చుట్లు తిప్పుతారు, నిజానికి పట్టు దొరికేది ఆఖరి చుట్టులోనే. ట్రయల్ కోసం నాలుగైదు పీసులు పాడుచేస్తారు. పూట గడిచిపోతుంది. ఇంత తతంగం ఉన్నప్పుడు "ఎలాగూ పెట్టాం కదా, నెలకు సరిపడా కొట్టేద్దాం" అని యజమాని అనుకోవడంలో తప్పేముంది?

జపాన్ ఇంజనీరు షిగెయో షింగో పట్టుకున్న కీలు ఇదే. ప్రెస్ ఆగి ఉన్నప్పుడే చేయాల్సిన పనులు వేరు, ప్రెస్ నడుస్తుండగానే ముందే చేసిపెట్టుకోగల పనులు వేరు అని ఆయన విడదీశాడు. స్పానర్లు, బోల్టులు, తర్వాతి డై అన్నీ ఆపకముందే పక్కన సిద్ధంగా ఉండాలి. డైల ఎత్తు అన్నీ ఒకటే చేసేస్తే సర్దుడు ఉండదు. చుట్లు తిప్పే బోల్టు బదులు ఒక్క తిప్పుకే పట్టే బిగింపు పెట్టాలి. 1969లో టయోటాలో 1,000 టన్నుల ప్రెస్ మీద డై మార్చడానికి 4 గంటలు పట్టేది. ఈ పద్ధతిలో ముందు గంటన్నరకు, ఆ తర్వాత 3 నిమిషాలకు తెచ్చారు. మార్చడం తేలికైతే కుప్పలు పోయాల్సిన పని ఉండదు. లీన్‌లో అన్నిటికన్నా తెలివైన భాగం ఇదేనని నా అభిప్రాయం. మనిషి చేతివేగం మీద ఆధారపడకుండా, పని అమరికను మార్చి గంటలను నిమిషాలు చేసింది.

తాడు లాగే హక్కు

సకిచి మగ్గం ఆలోచన కార్ల లైను మీద ఇంకో రూపం ఎత్తింది. టయోటా అసెంబ్లీ లైనులో ప్రతి కార్మికుడి తలపైన అందేంత దూరంలో ఒక తాడు ఉంటుంది (ఇప్పుడు కొన్ని ప్లాంట్లలో దాని బదులు బటన్). బోల్టు సరిగా పడకపోయినా, భాగం తప్పు వచ్చినా అతను తాడు లాగుతాడు. బోర్డు మీద లైటు వెలుగుతుంది. టీమ్ లీడర్ వస్తాడు. ఆ స్టేషన్ దాటేలోపు సరిచేయలేకపోతే లైను ఆగుతుంది. వందలమంది పనిచేసే లైనును ఒక మామూలు కార్మికుడు ఆపగలడు, ఆపాలి కూడా.

ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ప్లాంటు కథ చెప్పుకోవాలి. జనరల్ మోటార్స్‌కు చెందిన ఆ ప్లాంటుకు ఒకప్పుడు చెడ్డపేరు. కార్మికులకూ యాజమాన్యానికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఏం జరిగినా లైను ఆగకూడదన్నది అక్కడి చట్టం. తప్పులతోనే కారు లైను దాటేది, తర్వాత యార్డులో మరమ్మతు చేసేవారు. 1982లో మూసేశారు. 1984లో జనరల్ మోటార్స్, టయోటా కలిసి మళ్లీ తెరిచాయి. కొత్తగా తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది పాత కార్మికులే. యూనియన్ కూడా అదే. వాళ్లను బృందాలుగా జపాన్‌లోని తకావోకా ప్లాంటుకు పంపి, తాడు లాగితే లీడర్ వచ్చి సాయం చేయడం కళ్లారా చూపించారు. రెండేళ్లు తిరిగేసరికి నాణ్యతలో ఫ్రీమాంట్ జపాన్ ప్లాంటుకు దగ్గరగా వచ్చింది. అంతకుముందు విపరీతంగా ఉండే గైర్హాజరీ బాగా తగ్గిపోయింది. చెడ్డ కార్మికులని ముద్రపడ్డవాళ్లే మంచి కార్లు తీశారు.

వాళ్లు ఎందుకు నమ్మారు? ఉద్యోగ భద్రత ఒప్పందం ఉంది కాబట్టి. అది కాయితానికే పరిమితం కాలేదు. 1980ల చివర్లో అమ్మకాలు పడిపోయి ప్లాంటుకు సరిపడా పని లేనప్పుడు, అక్కడ ఎవర్నీ పంపేయలేదు. ఖాళీగా ఉన్నవాళ్లను ట్రైనింగ్‌కు, పనిలో మెరుగుదలలకు పెట్టారు. తన పని తేలిక చేసే ఉపాయం చెప్తే తన ఉద్యోగమే పోతుందని తెలిసినవాడు ఎప్పుడైనా నోరు విప్పుతాడా? ఈ ప్లాంటులో ఇంజనీరుగా పనిచేసి, తర్వాత అమెరికా విశ్వవిద్యాలయం ఎంఐటీలో చేరిన జాన్ క్రాఫ్‌చిక్ 1988లో రాసిన వ్యాసంతోనే లీన్ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. పేరు ప్రపంచమంతా పాకింది. భద్రత అనే సగం మాత్రం చాలాచోట్ల ఫ్రీమాంట్‌లోనే ఉండిపోయింది.

తాడు బిగించడం తేలిక. లాగినవాణ్ని తిట్టకుండా ఉండటమే కష్టం.

ఆసుపత్రిలో, అదే సూత్రం

అమెరికాలో సియాటిల్ నగరంలోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి పెద్దలు 2002లో జపాన్ వెళ్లి ఈ పద్ధతులు చూసి వచ్చారు. తాడు స్థానంలో వాళ్లు పెట్టింది ఒక హెచ్చరిక వ్యవస్థ. నర్సు కావచ్చు, క్లర్కు కావచ్చు, రోగికి ప్రమాదం ఉందనిపిస్తే పెద్ద డాక్టరు చేస్తున్న పనినైనా ఆపమని చెప్పవచ్చు. 2004లో అక్కడ ఒక ఘోరం జరిగింది. ఒక రోగికి ఎక్స్‌రే రంగుమందు బదులు క్రిములు చంపే ద్రావణం ఎక్కించారు. రెండూ నీళ్లలా పారదర్శకంగా ఉంటాయి, లేబుల్ లేని గిన్నెల్లో ఒకే ట్రే మీద ఉన్నాయి. ఆమె చనిపోయింది. ఆసుపత్రి దాచిపెట్టలేదు, బహిరంగంగా ఒప్పుకుంది. ఇలాంటి చోట "ఇకపై జాగ్రత్తగా ఉండండి" అని సర్క్యులర్ పంపితే ఒరిగేదేమీ లేదు. అలసిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు పొరబడతాడు. రెండు ద్రావణాలూ ఒకే ట్రే మీదకు రాలేనట్టు, వచ్చినా ఒకేలా కనపడనట్టు అమరిక మార్చడమే దారి.

మనకు దగ్గర్లో ఇంకా గొప్ప ఉదాహరణ ఉంది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి. వాళ్లు లీన్ అనే పేరు పెట్టుకోలేదు, ఆ పేరు అప్పటికి పుట్టనే లేదు. కానీ అక్కడి ఆపరేషన్ థియేటర్ చూస్తే ఓనో కూడా మెచ్చుకునేవాడు. ఒక్కో సర్జన్‌కు పక్కపక్కనే రెండు బల్లలు. ఒక బల్ల మీద శుక్లాల ఆపరేషన్ జరుగుతుండగా రెండో బల్ల మీద తర్వాతి రోగిని నర్సులు పూర్తిగా సిద్ధం చేస్తారు. మొదటిది ముగియగానే మైక్రోస్కోప్ రెండో బల్ల మీదకు తిరుగుతుంది, సర్జన్ అటు తిరుగుతాడు. షింగో ప్రెస్ దగ్గర చేసిందీ ఇదే కదా: ఆపాక చేసే పనిని ఆపకముందే చేసిపెట్టడం.

సర్జన్ చేయి ఇక్కడ వేగంగా ఆడాల్సిన పని లేదు. ఆపరేషన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య ఖాళీ పోయిందంతే. కంటి పరీక్ష, కొలతలు, రోగితో మాట్లాడి ధైర్యం చెప్పడం లాంటివన్నీ శిక్షణ పొందిన పల్లెటూరి అమ్మాయిలు చూసుకుంటారు. డాక్టరు మాత్రమే చేయగల పని మాత్రమే డాక్టరు చేస్తారు. అలా మిగిలిన సామర్థ్యంతో డబ్బు కట్టలేని లక్షలమందికి ఉచితంగానో నామమాత్రపు ఖర్చుతోనో చూపు తెచ్చారు. లెన్సుల ధర అడ్డుపడితే 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు తామే తయారుచేసుకున్నారు. హైదరాబాద్‌లో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇంకో వృథాను తగ్గించింది. కళ్లద్దాల కోసం రోగి నగరం దాకా రావాల్సిన ప్రయాణం అది. పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టి అక్కడే పరీక్షించి, అవసరమైనవాళ్లనే పైకి పంపుతారు. ఆదా అయిన సమయం ఎవరి చేతికి వెళ్లిందన్నదే నా దృష్టిలో అసలు కొలత. ఈ రెండుచోట్లా అది రోగికి చేరింది.

ఫైళ్లు, టికెట్లు, తీరిక లేని బల్లలు

కార్ఖానాలో ఆగిన పని కంటికి కనపడుతుంది, అడ్డంగా పడి ఉంటుంది కాబట్టి. ఆఫీసులో కనపడదు. ఒక ధ్రువపత్రం ఫైలు తీసుకోండి. క్లర్కు చూడటానికి పది నిమిషాలు, పైఅధికారి పరిశీలనకు పది, సంతకానికి ఒకటి. చేతికి వచ్చేసరికి పదిహేను రోజులు. తేడా అంతా బల్లల మీద, ఇప్పుడైతే లాగిన్‌లలో, నిద్రపోయిన కాలం. 2001లో హైదరాబాద్‌లో ఈసేవ వచ్చినప్పుడు జనం ఊపిరి పీల్చుకున్నది ఇందుకే. అంతకుముందు కరెంటు బిల్లుకు ఒక ఆఫీసు, నీళ్ల బిల్లుకు ఇంకోటి, ఫోను బిల్లుకు మరోటి. ఏ కౌంటర్లోనైనా ఏ బిల్లయినా కట్టించుకోవడంతో ఆ తిరుగుడూ ఆ లైన్లూ పోయాయి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఎ, బి, సి కౌంటర్ల వరస కూడా అలాంటిదే. ఒకచోట వివరాలు, ఫొటో, వేలిముద్రలు, తర్వాత పరిశీలన, ఆ తర్వాత మంజూరు. టోకెన్ నంబరు పిలిస్తే మనిషి కదులుతాడు, ఫైలు ఎవరి బల్ల కిందా దూరదు.

ఎంతసేపు పడుతుందో చెప్పడానికి ఒక చిన్న సూత్రం ఉంది. తర్వాత ఎంఐటీలో ప్రొఫెసర్ అయిన జాన్ లిటిల్ 1961లో దీన్ని గణితంతో రుజువు చేశాడు. లైనులో ఎంతమంది ఉన్నారో, గంటకు ఎంతమంది పని పూర్తవుతోందో తెలిస్తే సగటు సమయం తెలిసిపోతుంది. 60 మంది ఉండి గంటకు 20 మంది బయటపడుతుంటే 3 గంటలు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఉన్నవాళ్లు దీన్ని తమ బోర్డుకే వేసి చూసుకోవచ్చు. వారానికి 5 టికెట్లు, అంటే బోర్డు మీద చీటీగా రాసిన పనులు, పూర్తిచేసే టీమ్ చేతిలో 30 టికెట్లు సగం సగం నడుస్తుంటే ఒక్కో టికెట్‌కు సగటున 6 వారాలు. 15 మాత్రమే మొదలుపెడితే 3 వారాలు. అదే టీమ్, అవే గంటలు. కాన్బాన్ బోర్డు మీద పనిలో ఒక్కో దశను చూపే ఒక్కో కాలమ్‌కు ఇన్నే టికెట్లు అని పరిమితి పెట్టేది ఇందుకే. ఆ పరిమితి తీసేసి బోర్డు ఒక్కటే ఉంచుకుంటే అది రంగురంగుల చిట్టా, అంతే.

ఇక మొదట్లో వదిలేసిన చిక్కు దగ్గరికి వద్దాం. అందరూ తీరిక లేకుండా ఉన్నా పని ఎందుకు కదలదు? ఒక కౌంటర్ ఉంది, ఒక్కొక్కరికి సగటున 5 నిమిషాలు పడుతుంది, జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, కొందరి పని త్వరగా అవుతుంది, కొందరిది సాగుతుంది. క్యూ లెక్కల ప్రకారం ఆ క్లర్కు రోజులో 80 శాతం సమయం పనిలో ఉంటే లైనులో సగటు ఎదురుచూపు 20 నిమిషాలు. 90 శాతమైతే 45 నిమిషాలు. 95 శాతమైతే 95 నిమిషాలు. క్లర్కు అదనంగా చేసిన పని కాస్తే, జనం పడిగాపులు మాత్రం నాలుగైదు రెట్లు. నూటికి నూరు శాతం వాహనాలతో నిండిన రోడ్డును బాగా వాడుకుంటున్న రోడ్డని ఎవరూ అనరు, ట్రాఫిక్ జామ్ అంటారు. మనుషుల్ని మాత్రం అలా నింపేసి అదే సామర్థ్యం అనుకుంటున్నాం.

ఖాళీ కనపడ్డచోటల్లా మనిషిని తీసేయడం లీన్‌కు పూర్తిగా విరుద్ధం కావడానికి కారణం ఈ లెక్కే. జపాన్‌వాళ్లు వృథాతో పాటు ఇంకో రెండు శత్రువుల్ని చెప్పారు: ఒకరోజు కిక్కిరిసి ఒకరోజు ఖాళీగా ఉండే హెచ్చుతగ్గులు, మనిషి మీదా యంత్రం మీదా మోయలేనంత భారం. పుస్తకాల్లో ఈ రెండూ చివరి పేరాలోకి వెళ్లిపోతాయి. వృథా ఒక్కటే తీసుకుని మిగతా రెండూ వదిలేసిన కంపెనీలో లీన్ అంటే అదనపు పని, అంతే.

నిల్వ ఉండాల్సిన చోట ఉండాలి

నిల్వలన్నీ చెడ్డవా? కాదు. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా బ్రేకులకు కావలసిన ఒక చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడే తయారయ్యేది. చేతిలో ఉన్న నిల్వ గంటల్లో చెప్పుకునేంతే. టయోటా ప్లాంట్లు ఆగిపోయాయి. చుట్టుపక్కల సరఫరాదారులు డజన్ల కొద్దీ ముందుకొచ్చి, తమకు అలవాటు లేని ఆ వాల్వును తమ యంత్రాల మీదే చేసిపెట్టారు. కొద్దిరోజుల్లోనే లైన్లు మళ్లీ కదిలాయి. ఏళ్ల తరబడి సరఫరాదారులను పిండకుండా కలుపుకుపోయినందుకు దక్కిన ఫలం అది.

2011 భూకంపం, సునామీ తర్వాత టయోటా మళ్లీ లెక్క చూసుకుంది. ఏ భాగం ఆగితే తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుందో గుర్తించి, చిప్‌ల లాంటివాటిని నెలల తరబడి సరిపడా నిల్వ ఉంచమని సరఫరాదారులకు చెప్పింది. అందుకే 2021లో ప్రపంచమంతా చిప్‌ల కరువు వచ్చినప్పుడు చాలా కంపెనీలకన్నా ఎక్కువకాలం తట్టుకుంది. చివరికి ఆ సెప్టెంబరులో తనూ ఉత్పత్తి తగ్గించుకోక తప్పలేదు. అదే ఏడాది మన దేశంలో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పడ్డ యాతన ఎవరూ మర్చిపోలేదు. ఆక్సిజన్, రక్తం, అగ్నిమాపక బండి, అత్యవసర విభాగంలో ఖాళీ మంచం. ఇవి వాడకపోతే వృథా అయ్యే వస్తువులు కావు. వీటిని చూపించి ఎవరైనా "ఇక్కడ ఖర్చు తగ్గించవచ్చు" అంటే ఆ మనిషికి లీన్ అర్థం కాలేదని అనుకోవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి

సాధారణంగా మొదలయ్యేది సర్దుడుతో. అక్కర్లేనివి తీసేయడం, ఉన్నవాటికి చోటు చూపడం, శుభ్రం చేయడం, దాన్ని ఒక పద్ధతిగా పెట్టడం, నిలబెట్టుకోవడం. జపనీస్‌లో ఈ ఐదు మాటలూ ఎస్‌తో మొదలవుతాయి కాబట్టి ఐదు ఎస్‌లు అంటారు. మంచిదే, కానీ ఆడిట్ ముందురోజు నేలమీద పసుపు గీతలు గీసి ఫొటోలు దిగడంతో చాలాచోట్ల ఆగిపోతుంది. స్పానర్‌కు చోటు చూపించేది ఫొటో కోసం కాదు, డై మార్చేటప్పుడు వెతుక్కోకుండా ఉండటానికి.

నన్నడిగితే ముందు ఒకే ఒక్క పనిని ఎంచుకుని, అది గేటులోకి వచ్చినప్పటి నుంచి బయటకు వెళ్లేదాకా దాని వెంట నడవమంటాను. ఒక ఆర్డరు, ఒక రోగి, ఒక ఫైలు. ఎక్కడ ఎంతసేపు ఆగిందో వాచీ చూసి రాసుకోవాలి. ఓనో తన కింది ఇంజనీర్లను ఫ్యాక్టరీ నేలమీద సుద్దతో గీసిన వలయంలో గంటల తరబడి నిలబెట్టి చూడమనేవాడు. రిపోర్టులో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

దొరికిన సమస్యకు మొదటి జవాబుతో తృప్తి పడకూడదు. ఓనో చెప్పిన ఉదాహరణే చూడండి. యంత్రం ఆగింది. ఎందుకు? భారం ఎక్కువై ఫ్యూజ్ పోయింది. ఎందుకు? బేరింగ్‌కు ఆయిల్ సరిగా అందలేదు. ఎందుకు? ఆయిల్ పంపు సరిగా లాగడం లేదు. ఎందుకు? దాని షాఫ్టు అరిగిపోయింది. ఎందుకు? జల్లెడ లేక ఇనుపరజను లోపలికి పోయింది. మొదటి ప్రశ్న దగ్గర ఆగినవాడు ఫ్యూజ్ మారుస్తాడు, వారం తిరక్కుండా మళ్లీ మారుస్తాడు. ఐదో ప్రశ్న దాకా వెళ్లినవాడు జల్లెడ పెడతాడు. ఈ ప్రశ్నల్లో ఎక్కడా "ఎవరు చేశారు" అని లేకపోవడం గమనించండి. ఆ ప్రశ్న అడిగిన చోట నిజం చెప్పేవాళ్లు ఉండరు.

చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వ సాయం కూడా ఉంది. 2023 మార్చిలో కొత్త రూపంలో ప్రారంభించిన ఎంఎస్ఎంఈ కాంపిటీటివ్ లీన్ స్కీమ్‌లో బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు స్థాయిలు ఉన్నాయి. కన్సల్టెంటును పెట్టుకుని అమలు చేసుకునే ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది. బాలానగర్, జీడిమెట్ల, ఆటోనగర్ లాంటిచోట్ల పదిమందితో నడిచే షాపులకు ఇది అందుబాటులో ఉన్న అవకాశమే. కన్సల్టెంటు అడుగుపెట్టకముందే యజమాని తన షాపులో అందర్నీ పిలిచి రెండు మాటలు చెప్పాలి. దీనివల్ల ఎవరి ఉద్యోగమూ పోదని ఒకటి, మిగిలిన సమయంతో ఏం చేయబోతున్నారో ఇంకొకటి: కొత్త ఆర్డర్లా, మెషీన్ల మరమ్మతా, ఆదివారం ఓవర్‌టైమ్ మానేయడమా. నోటిమాటగా వదిలేయకుండా కాయితం మీద రాసి నోటీసు బోర్డుకు పెట్టాలి. ఆ కాయితం పెట్టడానికి మనసొప్పకపోతే స్కీమ్‌కు దరఖాస్తు చేయకపోవడమే మేలు.